పెర్మాఫ్రాస్ట్ కింద సహజవాయువు, మీథేన్ హైడ్రేట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్‌లో, పీడనాలు బార్‌లలో ఉన్నాయి. ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనం. గ్యాసు ఎంతో చెప్పినచోటల్లా అది మామూలు వాతావరణ పీడనం దగ్గర కొలిచిన పరిమాణమే.

మీథేన్ హైడ్రేట్ అంటే మంచుగడ్డలో ఇరుక్కున్న గ్యాసేనా?

ఐస్‌లో చిక్కుకున్న గాలి బుడగల్లాంటిది కాదు. చల్లదనం, పీడనం రెండూ సమకూరినప్పుడు నీటి అణువులు మామూలు ఐస్ అల్లికను వదిలేసి, మీథేన్ చుట్టూ పంజరాలుగా అల్లుకుంటాయి. ఒక్కో పంజరంలో ఒక్కో మీథేన్ అణువు. స్వచ్ఛమైన మీథేన్‌తో ఏర్పడే రకంలో 46 నీటి అణువులు కలిసి 8 పంజరాలు కడతాయి: రెండు చిన్నవి, ఆరు పెద్దవి. అన్నీ నిండితే ఒక మీథేన్‌కు 5.75 నీటి అణువులు. చిన్న పంజరాలు కొన్ని ఖాళీగా ఉండిపోతాయి కాబట్టి ప్రకృతిలో దొరికేదాంట్లో లెక్క 6కు దగ్గరగా ఉంటుంది. గ్యాసుకూ నీటికీ మధ్య రసాయన బంధం లేదు. పీడనం తగ్గినా, వేడి పెరిగినా పంజరం విడిపోయి దేని దారిన అది పోతుంది.

ఒక ఘనపు మీటరు హైడ్రేట్ విడిపోతే దాదాపు 164 ఘనపు మీటర్ల గ్యాసు, 0.8 ఘనపు మీటరు నీరు వస్తాయి. ముక్కను పళ్లెంలో పెడితే చిటపటలాడుతూ నురగ కక్కుతుంది. అగ్గిపుల్ల చూపిస్తే పైన మంట, కింద నీటి మడుగు. ఫొటోల్లో కనిపించే ఈ తెల్లటి ముద్దలు చూసి భూమిలో కూడా గడ్డలు గడ్డలుగా ఉంటుందనుకోవద్దు. పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) ప్రాంతాల్లో పనికొచ్చే హైడ్రేట్ ఎక్కువగా ఇసుక రేణువుల సందుల్లో ఉంటుంది. కోర్ (బావిలోంచి స్తంభంలా కోసి తీసిన నమూనా) చేతికొచ్చినా గడ్డకట్టిన తడి ఇసుకలా కనిపిస్తుందే తప్ప అందులో హైడ్రేట్ ఉందని కంటితో పోల్చుకోలేం.

ఎంత చల్లదనం, ఎంత పీడనం ఉండాలి?

స్వచ్ఛమైన మీథేన్, మంచినీరు అనుకుంటే సుమారుగా:

−80 డిగ్రీల దగ్గర 1 బార్
−10 డిగ్రీల దగ్గర 18 బార్
0 డిగ్రీల దగ్గర 26 బార్
4 డిగ్రీల దగ్గర 39 బార్
10 డిగ్రీల దగ్గర 71 బార్
15 డిగ్రీల దగ్గర 120 బార్

ఈ అంకెలతో గీత గీస్తే, సున్నా దాటాక అది ఎంత నిటారుగా లేస్తుందో గమనించండి. ఐదు డిగ్రీలు పెరిగితే పీడనం సగానికి పైగా అదనంగా కావాలి. నీటిలో ఉప్పుంటే హైడ్రేట్ ఇంకాస్త చల్లదనం అడుగుతుంది. సముద్రపు నీటి ఉప్పదనానికి ఆ తేడా డిగ్రీ, డిగ్రీన్నర. గ్యాసులో ప్రొపేన్ ఉంటే కథ తిరగబడుతుంది. ఒక్క శాతం ప్రొపేన్ కలిసినా సున్నాకు కాస్త పైన కావలసిన పీడనం దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే అప్పుడు పెద్ద పంజరాలున్న మరో స్ఫటిక రకం ఏర్పడుతుంది. పైప్‌లైన్లు నడిపేవాళ్లు స్వచ్ఛమైన మీథేన్ పట్టికను నమ్ముకుని దెబ్బతినేది ఇక్కడే.

పెర్మాఫ్రాస్ట్ ఉన్నచోటల్లా హైడ్రేట్ ఉంటుందా?

ఉండదు. వరుసగా రెండేళ్లకు పైగా సున్నాకు దిగువనే ఉన్న నేలంతా పెర్మాఫ్రాస్టే; కొన్నిచోట్ల అది పది మీటర్లు, యాకుటియాలో వెయ్యి మీటర్లకు పైన. పలుచని పెర్మాఫ్రాస్ట్ కింద హైడ్రేట్‌కు తగిన పీడనం దొరికేలోపే నేల వేడెక్కిపోతుంది.

ఒక ఊహాత్మక ప్రదేశంతో లెక్క చూద్దాం. నేల పైభాగం సగటున −10 డిగ్రీలు, పెర్మాఫ్రాస్ట్ మందం 400 మీటర్లు. అంటే 100 మీటర్లకు 2.5 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. ఆ కింద 100 మీటర్లకు 3 డిగ్రీలు అనుకుందాం. నీటి స్తంభం వల్ల 100 మీటర్లకు సుమారు 10 బార్ పీడనం. 200 మీటర్ల దగ్గర ఉష్ణోగ్రత −5, పీడనం 21 బార్. −5 దగ్గర కావలసింది 22 బార్ చిల్లర. కాబట్టి 210, 220 మీటర్ల నుంచి హైడ్రేట్ నిలవగలదు. 700 మీటర్ల దగ్గర 9 డిగ్రీలు, 70 బార్: ఇంకా నిలుస్తుంది. 750 దగ్గర 10.5 డిగ్రీలు, 75 బార్: సరిగ్గా గీత మీద. 900 మీటర్ల దగ్గర 15 డిగ్రీలకు 120 బార్ కావాలి, ఉన్నది 89. అక్కడ గ్యాసు గ్యాసుగానే ఉంటుంది.

అంటే హైడ్రేట్ నిలవగలిగే పొరలో సగానికి పైగా పెర్మాఫ్రాస్ట్‌కు కిందనే ఉంది. గడ్డకట్టిన నేలలోనే హైడ్రేట్ ఉంటుందన్నది చాలామంది పడే పొరపాటు. పైగా ఈ లెక్క చెప్పేది ఉండగలదనే, ఉందని కాదు. గ్యాసు ఎక్కడినుంచో రావాలి, అది చేరడానికి ఇసుకపొర ఉండాలి, నీరుండాలి.

నిజంగా ఎక్కడెక్కడ దొరికింది?

కెనడాలో మెకంజీ డెల్టా చివర, బ్యూఫోర్ట్ సముద్రం ఒడ్డున ఉన్న మాలిక్ అన్నిటికన్నా ఎక్కువగా పరీక్షించిన చోటు. 1972లో ఇంపీరియల్ ఆయిల్ తవ్విన ఎల్-38 బావిలో హైడ్రేట్ జాడ దొరికింది. సుమారు 890 నుంచి 1,106 మీటర్ల లోతు మధ్య ఇసుకపొరల్లో ఉంది. కొన్ని పొరల్లో ఇసుక సందుల్లో 80 శాతం దాకా హైడ్రేటే. అదే 1972లో అలాస్కా నార్త్ స్లోప్ మీద నార్త్‌వెస్ట్ ఐలీన్ స్టేట్-2 బావి నుంచి హైడ్రేట్ కోర్ పైకొచ్చింది.

చైనాలో చింగ్‌హై రాష్ట్రపు చీలియాన్ పర్వతాల్లో, నాలుగు వేల మీటర్ల ఎత్తున ఉన్న మూలీ ప్రాంతంలో 2008లో నమూనా దొరికింది, అదీ 133 మీటర్ల లోతులోనే. అక్కడ పెర్మాఫ్రాస్ట్ వంద మీటర్ల లోపే. మరి పై లెక్క ప్రకారం అంత పైన ఎలా నిలిచింది? ఆ గ్యాసులో ఈథేన్, ప్రొపేన్ ఉన్నాయి. ఒక్క శాతం ప్రొపేన్ సంగతి పైన చెప్పింది ఇందుకే.

మెస్సొయాఖాలో ఏళ్ల తరబడి హైడ్రేట్ గ్యాసే తీశారంటారు. నిజమేనా?

కొంత నిజం, ఎంతన్నది వాదన. పశ్చిమ సైబీరియా ఉత్తరాన 1967లో కనుగొన్న ఈ క్షేత్రం నోరిల్స్క్‌కు గ్యాసు పంపింది. మొదట్లో పొర పీడనం 78 బార్, ఉష్ణోగ్రత 8 నుంచి 12 డిగ్రీలు. పై పట్టికతో పోల్చి చూడండి: 10 డిగ్రీలకు 71 బార్. క్షేత్రం సరిగ్గా గీతను ఒరుసుకుని కూర్చుంది. పైభాగం చల్లగా ఉండి హైడ్రేట్‌గా, కిందిభాగం వెచ్చగా ఉండి మామూలు గ్యాసుగా ఉందని హైడ్రేట్ పరిశోధకుడు యూరి మకొగాన్ తదితరుల వాదన. గ్యాసు తీసేకొద్దీ పీడనం అనుకున్నంత పడలేదు. బావులు మూసి ఉంచిన కాలంలో మళ్లీ లేచింది. బావుల్లోకి మిథనాల్ (హైడ్రేట్‌ను విడగొట్టే ఆల్కహాల్) దింపితే ప్రవాహం పెరిగింది. ఇవన్నీ హైడ్రేట్ విడిపోతోందనడానికి ఆనవాళ్లే.

ఎదుటి వాదన కూడా తేలికైనది కాదు. మిథనాల్ వేస్తే బావి గొట్టం దగ్గర కొత్తగా పేరుకున్న హైడ్రేట్ కరిగినా ప్రవాహం పెరుగుతుంది. అప్పట్లో ఆ పొర నుంచి పీడనం పోకుండా కోర్ తీసి చూసినవాళ్లు లేరు. కాబట్టి మెస్సొయాఖాను ఆసరాగా చూపొచ్చు, రుజువుగా కాదు.

లోపల ఉన్నది ఐసా, హైడ్రేటా? బావి లాగ్ చూసి ఎలా చెబుతారు?

లాగ్ అంటే బావిలోకి పరికరాలు దింపి లోతు వెంట తీసుకునే కొలతలు. పెర్మాఫ్రాస్ట్ పొరలోపల చెప్పడం చాలా కష్టం. విద్యుత్ నిరోధం రెండిటికీ ఎక్కువే, ధ్వని వేగం రెండిటిలోనూ సెకనుకు 3.8, 3.9 కిలోమీటర్ల చుట్టుపక్కలే, సాంద్రత కూడా ఇంచుమించు ఒకటే (ఘన సెంటీమీటరుకు 0.91, 0.92 గ్రాములు). అక్కడ మిగిలిన ఆధారం ఒక్కటే: తవ్వుతుండగా మడ్ (బావిలో తిప్పే బురదలాంటి ద్రవం)తో పాటు పైకొచ్చే గ్యాసు.

పెర్మాఫ్రాస్ట్ అడుగు దాటాక పని సులువు. అక్కడ ఐస్ ఉండే వీల్లేదు. నిరోధం, ధ్వని వేగం రెండూ ఎక్కువగా ఉండి, మడ్‌లో గ్యాసు కనిపిస్తే అది హైడ్రేట్. మామూలు గ్యాసైతే నిరోధం పెరిగినా ధ్వని వేగం పడిపోతుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది. ఎంత ఉందో కొలవడానికి రెండు లాగ్‌లను పక్కపక్కన పెడతారు. డెన్సిటీ లాగ్ సందులన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. మాగ్నెటిక్ రెసొనెన్స్ లాగ్‌కు ద్రవంగా ఉన్న నీరే కనిపిస్తుంది, హైడ్రేట్ కనిపించదు. మొదటిది 35 శాతం, రెండోది 10 శాతం చూపిస్తే, ఆ 25 శాతం హైడ్రేట్. అంటే సందుల్లో 70 శాతం పైగా నిండినట్టు.

కోర్‌ను పాడుకాకుండా పైకి ఎలా తెస్తారు?

మామూలు కోర్ బ్యారెల్‌లో తెస్తే దారిలోనే పీడనం పడిపోయి కొంత విడిపోతుంది. విడిపోయేటప్పుడు వేడి పీల్చుకుంటుంది కాబట్టి కోర్ తనను తానే చల్లబరచుకుని కొంతసేపు నిలుస్తుంది. ఆ వ్యవధిలోనే పని కానివ్వాలి: కోర్ పైకి రాగానే ముక్కలు కోసి, ఒక వాటాను ద్రవ నైట్రోజన్‌లో (−196 డిగ్రీలు), మరో వాటాను మీథేన్ పీడనంతో మూతబిగించిన సిలిండర్లలో పెడతారు. నైట్రోజన్‌లో పెట్టినదాన్ని గ్యాసు కూర్పు, స్ఫటిక నిర్మాణం చూడడానికి వాడొచ్చు. ఇసుక గట్టిదనం, నీరు పారే తీరు కొలవడానికి పనికిరాదు, ఎందుకంటే ఆ చలికి సందుల్లోని మిగతా నీరు గడ్డకట్టి ఇసుక అమరికను చెదరగొడుతుంది. అందుకు కిందనే వాల్వు మూసుకుని పీడనంతో సహా పైకొచ్చే ప్రెషర్ కోర్ ఒక్కటే దారి. మాలిక్‌లో 1998లో మడ్‌ను చల్లగా ఉంచి, హైడ్రేట్ త్వరగా విడిపోకుండా అందులో లెసిథిన్ కలిపారు.

గ్యాసు ఎలా తీస్తారు? ఏ పద్ధతి పనిచేసింది?

మూడు దారులున్నాయి: వేడి చేయడం, పీడనం తగ్గించడం, రసాయనం ఎక్కించడం.

మాలిక్‌లో 2002లో వేడినీరు తిప్పారు. ఐదు రోజుల్లో వచ్చిన గ్యాసు సుమారు 500 ఘనపు మీటర్లు. వేడి బావి చుట్టూ రాయినీ నీటినీ కాచడానికే సరిపోయింది. 2007లో అదే చోట నీటిని పంపుతో తోడి పీడనం తగ్గించారు. గ్యాసైతే వచ్చింది గానీ ఇసుక కూడా వచ్చి పడింది. పన్నెండున్నర గంటల్లోనే ఆపాల్సొచ్చింది. 2008 మార్చిలో ఇసుక జల్లెడలు బిగించి మళ్లీ పెడితే ఆరు రోజులు ఆగకుండా నడిచి, సుమారు 13,000 ఘనపు మీటర్లు ఇచ్చింది. పీడనం తగ్గించడమే దారి అని తేల్చిన పరీక్ష అదే.

అలాస్కాలో 2012లో ఇగ్నిక్ సికుమి బావిలో ఇంకో ఆలోచన పరీక్షించారు: కార్బన్ డయాక్సైడ్ ఎక్కిస్తే అది పంజరంలోకి దూరి మీథేన్‌ను బయటికి నెడుతుందా అని. ఒట్టి కార్బన్ డయాక్సైడ్ పంపితే అది పొరలో మిగిలిన నీటితో అక్కడికక్కడే హైడ్రేట్ కట్టి బావి నోరు మూసేస్తుంది. అందుకే 77 శాతం నైట్రోజన్, 23 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపి పంపారు. మార్పిడి జరిగింది. కానీ తరవాత వచ్చిన గ్యాసులో ఎక్కువ భాగం పీడనం తగ్గించినప్పుడు వచ్చిందే. అదే రాష్ట్రంలో ప్రూడో బే దగ్గర 2018లో హైడ్రేట్-01 బావి తవ్వి పొరలు చూసి, 2023 చివర మొదలుపెట్టి 2024 మధ్యవరకు నెలల తరబడి పీడనం తగ్గించే పరీక్ష నడిపారు. అంతకుముందు పెర్మాఫ్రాస్ట్ కింద ఏ పరీక్షా వారాలు దాటి నడవలేదు.

పీడనం తగ్గిస్తే చాలుకదా, ఇంకా కష్టమేముంది?

వేడి. ఈ విషయంలో అన్ని చిక్కులూ చివరికి వచ్చి ఆగేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా.

కిలో మీథేన్ హైడ్రేట్‌ను నీరుగా, గ్యాసుగా విడదీయడానికి దాదాపు 450 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో ఐస్ కరగడానికి కావలసింది 334. ఒక ఘనపు మీటరు ఇసుకపొర తీసుకోండి. అందులో 30 శాతం సందులు, ఆ సందుల్లో 70 శాతం హైడ్రేట్. అంటే 190 కిలోల హైడ్రేట్, దాన్నుంచి రావలసిన గ్యాసు 34 ఘనపు మీటర్లు, విడదీయడానికి సుమారు 86 మెగాజౌళ్లు. ఆ ఇసుకపొర తాను 5 డిగ్రీలు చల్లబడి ఇవ్వగలిగిన వేడి 14 మెగాజౌళ్ల చుట్టూ. మిగతాది, అంటే ఆరింట ఐదు వంతులు, పైనుంచి, కిందనుంచి, పక్కలనుంచి రాళ్లగుండా మెల్లగా రావాలి.

అందుకే పొర మొదట్లో ఎంత వెచ్చగా ఉంటే అంత మంచిది. 12 డిగ్రీల పొరలో చల్లబడడానికి జాగా ఉంది. 3 డిగ్రీల పొరలో లేదు. లోతుగా, పెర్మాఫ్రాస్ట్‌కు బాగా దిగువన, నిలకడ గీతకు ఆనుకుని ఉన్న పొరలనే పరీక్షలకు ఎంచుకునేది ఇందుకే. పైపైన సులువుగా అందే పొరలు చూడ్డానికి ఆశపెడతాయి, కానీ వాటిలో వేడి ఉండదు.

పీడనాన్ని మరీ కిందికి లాగినా మొదటికే మోసం. 26 బార్ దిగితే పొర సున్నాకు దిగువకు జారి, విడిపోయిన నీరు ఐస్‌గా గడ్డకట్టి ఇసుక సందులను మూసేస్తుంది.

మండిస్తే వచ్చే వేడితో పోలిస్తే విడదీయడానికి పట్టేది ఆరు శాతమే కాబట్టి కాగితం మీద బేరం బ్రహ్మాండంగా ఉంటుంది. రాయిని, నీటిని కాచడానికి పోయేది, దారిలో పోయేది అందులో కలపలేదు.

బావిలో మామూలుగా ఏం చెడుతుంది?

ఇసుక మొదటిది. హైడ్రేటే ఇసుకను పట్టి ఉంచే బంక. దాన్ని తీసేస్తే పొర వదులైపోయి ఇసుక నీటితో పాటు పంపులోకి వస్తుంది. జల్లెడ కన్నం పెద్దదైతే పంపు అరిగిపోతుంది, చిన్నదైతే సన్నని మట్టి పట్టుకుని జల్లెడే మూసుకుపోతుంది. తవ్వకముందే కోర్‌లోని రేణువుల సైజు కొలిచి కన్నం నిర్ణయించాలి.

నీరు రెండోది. వెయ్యి ఘనపు మీటర్ల గ్యాసుకు హైడ్రేట్ నుంచే 5 ఘనపు మీటర్ల నీరు వస్తుంది, చుట్టూ ఉన్న పొరల నీరు దానికి అదనం. మైనస్ ముప్పైలో ఆ నీటిని పైకి తెచ్చి, గడ్డకట్టకుండా గొట్టాల్లో నడిపి, ఎక్కడో పారబోయాలి లేదా తిరిగి భూమిలోకి ఎక్కించాలి.

మూడోది, పంపు పైన గ్యాసూ నీరూ కలిసి పెర్మాఫ్రాస్ట్ పొరను దాటేటప్పుడు చల్లబడి, గొట్టంలోనే మళ్లీ హైడ్రేట్ కట్టడం. పంపు దగ్గరే గ్యాసునూ నీటినీ వేరుచేసి వేరువేరు గొట్టాల్లో పంపడం, గొట్టం వెంట హీటింగ్ కేబుల్, సన్నని లైనులో మిథనాల్: మూడూ సిద్ధంగా ఉండాలి.

పెర్మాఫ్రాస్ట్ గుండా తవ్వేటప్పుడు పాటించాల్సినవేవి?

మామూలు గ్యాసు బావికైనా ఇవి వర్తిస్తాయి. మడ్‌ను సున్నాకు దగ్గరగా చల్లబరిచి పంపాలి. వెచ్చటి మడ్ పోస్తే గోడల్లోని ఐస్ కరిగి బావి వెడల్పై కూలుతుంది. గడ్డకట్టకుండా ఉప్పు కలుపుతారు గానీ అదే ఉప్పు హైడ్రేట్‌నూ విడదీస్తుంది, కాబట్టి హైడ్రేట్ పొరలోకి వెళ్లేటప్పుడు ఉప్పూ చల్లదనమూ చూసుకుని సరితూచాలి. హైడ్రేట్‌లో తవ్వుతుంటే రాలిన హైడ్రేట్ పొడి, మడ్‌తో కలిసి పైకొస్తూ చివరి కొన్ని వందల మీటర్లలో గ్యాసుగా ఉబ్బుతుంది. ఒక లీటరు పొడి 160 లీటర్ల గ్యాసు. అప్పుడు చేయాల్సింది: తవ్వే వేగం తగ్గించడం, మడ్ తిప్పే వేగం పెంచడం, డీగ్యాసర్ (మడ్‌లోంచి గ్యాసును వేరుచేసే పరికరం) నడపడం. మడ్ బరువు ఉన్నపళంగా పెంచేస్తే మెత్తని పొర పగిలి అసలు సమస్య ఇంకా పెరుగుతుంది.

మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు సున్నా దగ్గర గట్టిపడకముందే అందులోని నీరు గడ్డకడుతుంది. అందుకు జిప్సం కలిపిన రకాలు వాడతారు. గట్టిపడేటప్పుడు సిమెంటు వదిలే వేడి కూడా తక్కువ ఉండాలి, లేకపోతే కేసింగ్ (బావి గోడకు రక్షణగా దింపే ఉక్కు గొట్టం) వెనక హైడ్రేట్ విడిపోయి గ్యాసు సిమెంటులోనే దారి చేసుకుంటుంది. రెండు కేసింగ్‌ల మధ్య నీటి మడ్ వదిలేయకూడదు. బావి ఆగినప్పుడు చుట్టూ నేల తిరిగి గడ్డకడుతుంది. ఆ మడ్‌లోని నీరు కూడా గడ్డకట్టి, తొమ్మిది శాతం ఉబ్బి, పోవడానికి చోటులేక లోపలి కేసింగ్‌ను నొక్కి చదును చేసేస్తుంది. అక్కడ డీజిల్ మూలమైన, గడ్డకట్టని జెల్ నింపుతారు. ఉత్పత్తి బావుల్లో గోడల మధ్య గాలి తీసేసిన ఇన్సులేటెడ్ గొట్టం వాడితే చుట్టూ నేల కరిగి కుంగడం తగ్గుతుంది.

గ్యాసు గొట్టాన్ని గడ్డకట్టిన నేలలో ఎలా వేస్తారు?

నేలను అలాగే గడ్డకట్టించి ఉంచడమే మూలసూత్రం. రష్యా ఉత్తరాన యమాల్ ద్వీపకల్పంలో బొవనెంకొవొ క్షేత్రం (కనుగొన్నది 1971, ఉత్పత్తి 2012) నుంచి బయలుదేరే గ్యాసును −2 డిగ్రీలకు చల్లబరిచి, 1,420 మిల్లీమీటర్ల గొట్టాల్లో 120 బార్ దాకా పీడనంతో పంపుతారు. గ్యాసు సున్నాకు పైన ఉంటే గొట్టం చుట్టూ ఐస్ కరిగి, నేల కుంగి, గొట్టం వంగుతుంది. మరీ చల్లగా ఉంటే, గడ్డకట్టని నేల దాటేచోట చుట్టూ నీరు గడ్డకట్టి గొట్టాన్ని పైకి లేపుతుంది. కట్టడాల పునాదుల పక్కన థర్మోసైఫన్లు పాతుతారు: మూసేసిన గొట్టంలో అమోనియా లేదా కార్బన్ డయాక్సైడ్. చలికాలంలో కింద ఆవిరై నేలవేడిని పైకి తీసుకెళ్లి, పై రెక్కల దగ్గర ద్రవమై జారుతుంది. వేసవిలో పైభాగం వెచ్చగా ఉండడంతో తనంతట ఆగిపోతుంది. మోటారు లేదు, స్విచ్చి లేదు.

పైప్‌లైన్‌లో హైడ్రేట్ కట్టకుండా మిథనాల్ ఎంత వేయాలి?

చలిదేశాల గొట్టాలకు అడ్డుపడేది ఐస్ కాదు, హైడ్రేట్ అని 1934లో చెప్పింది హామర్‌ష్మిట్. ఆయన పేరుతో ఉన్న సూత్రమే ఇప్పటికీ తొలి అంచనాకు వాడతారు. ఎన్ని డిగ్రీలు దించాలో ఆ సంఖ్యను మిథనాల్ అణుభారం 32తో గుణించండి. వచ్చినదాన్ని, దానికే 1297 కలిపిన మొత్తంతో భాగించండి. నీటి పాళ్లలో ఉండాల్సిన మిథనాల్ బరువు భిన్నం అదే.

ఉదాహరణ: 60 బార్ గొట్టం, దాదాపు స్వచ్ఛమైన మీథేన్. హైడ్రేట్ కట్టే ఉష్ణోగ్రత 8.5 డిగ్రీలు. గొట్టం అత్యంత చల్లని చోట −2. తేడా 10.5, భద్రతకు ఇంకో 3 కలిపితే 13.5. గుణిస్తే 432, 432ను 1729తో భాగిస్తే 25 శాతం. అంటే 100 కిలోల నీటికి 33 కిలోల మిథనాల్ నీటిలో ఉండాలి. దీనికి పైన, గ్యాసులోకి ఆవిరై పోయేదాన్ని కూడా కలపాలి. నీరు తక్కువ, గ్యాసు ఎక్కువ ఉన్న లైన్లలో అదే పెద్ద వాటా. 25, 30 శాతం దాటితే ఈ సూత్రం నమ్మకమైనది కాదు.

మిథనాల్‌కు బదులు వాడే గ్లైకాల్ అంతగా ఆవిరి కాదు, తిరిగి శుద్ధి చేసి వాడుకోవచ్చు, కానీ చలికి చిక్కబడి పంపులను ఇబ్బంది పెడుతుంది. తక్కువ మోతాదు పాలిమర్ నిరోధకాలు హైడ్రేట్ కట్టడాన్ని ఆలస్యం చేస్తాయంతే; లైను రోజుల తరబడి ఆగిపోతే అవి కాపాడవు. అన్నిటికన్నా చవకైన మందు, గొట్టంలోకి వెళ్లకముందే గ్యాసును ఎండబెట్టడం.

గొట్టం హైడ్రేట్‌తో మూసుకుపోయింది. ఏం చేయాలి?

ముందుగా, ఏం చేయకూడదో. బయటినుంచి మంట పెట్టకూడదు. గడ్డ మధ్యభాగం కరిగితే విడుదలైన గ్యాసు రెండు చివర్ల గడ్డల మధ్య చిక్కి గొట్టాన్ని చీల్చేస్తుంది. ఒక్క వైపు నుంచే పీడనం దించకూడదు. గోడ దగ్గర కరిగి వదులైన గడ్డను అటువైపు పీడనం తూటాలా తోస్తుంది. గంటకు 300 కిలోమీటర్ల దాకా వేగం అందుకోగలదు. అది మొదటి వంపునో వాల్వునో పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇలా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

చేయాల్సింది: గడ్డ ఎక్కడుందో రెండువైపుల పీడన మీటర్లు చూసి తేల్చుకోవడం, గడ్డలు ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయనే అనుకుని నడుచుకోవడం, రెండువైపులా సమానంగా, నెమ్మదిగా పీడనం దించడం, మనుషుల్ని గొట్టం వంపుల నుంచి దూరంగా ఉంచడం. గడ్డ గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి కరుగుతుంది. రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు, తొందర పనికిరాదు. చుట్టూ నేల సున్నాకు దిగువన ఉంటే విడిపోయిన నీరు ఐస్ గడ్డగా మారి అలాగే కూర్చుంటుంది. అప్పుడు రెండువైపుల నుంచి మిథనాల్ చేర్చడం తప్ప దారిలేదు.

నిలవలేని చోట కూడా హైడ్రేట్ మిగిలి ఉంటుందంటారు. అదెలా?

సున్నాకు దిగువన పీడనం పోతే హైడ్రేట్ పైపొర విడిపోయి, ఆ నీరు వెంటనే ఐస్ పొరగా గడ్డకడుతుంది. ఆ పొర లోపలి గ్యాసును బయటికి పోనివ్వదు. −31 నుంచి −2 డిగ్రీల మధ్య ఇది బాగా కనిపిస్తుంది. దీన్నే స్వయంసంరక్షణ అంటారు. వాతావరణ పీడనంలో −5 దగ్గర ఉంచిన ముక్కలు వారాలపాటు నిలవడం ప్రయోగశాలల్లో మామూలే. హైడ్రేట్‌ను గుళికలుగా చేసి ఓడల్లో గ్యాసు పంపాలన్న ఆలోచన పుట్టింది ఇక్కడినుంచే.

పెర్మాఫ్రాస్ట్‌లో ఇదే పాత హైడ్రేట్లకు ప్రాణం పోస్తోందని రష్యన్ పరిశోధకుల అభిప్రాయం. పశ్చిమ సైబీరియాలో 200 మీటర్ల లోపే, నిలకడ గీతకు చాలా పైన, తవ్వుతుండగా హఠాత్తుగా గ్యాసు ఎగదన్నడం బొవనెంకొవొ, యాంబర్గ్ ప్రాంతాల్లో పలుమార్లు జరిగింది. తవ్వేవాళ్లకు ఆచరణలో అర్థం ఒకటే: పట్టిక ప్రకారం ఇక్కడ హైడ్రేట్ ఉండదు కదా అని మొదటి 150 మీటర్లు డైవర్టర్ (ఎగదన్నే గ్యాసును పక్కకు మళ్లించే పరికరం) లేకుండా తవ్వకూడదు.

యమాల్‌లో నేల పేలి గోతులు పడ్డాయి. అవి హైడ్రేట్ల వల్లేనా?

2014లో బొవనెంకొవొకు 30 కిలోమీటర్ల దూరంలో కనిపించిన గోతితో ఇవి లోకానికి తెలిశాయి. వరస చాలామటుకు ఒప్పుకున్నదే: నేల గుట్టలా ఉబ్బడం, ఐస్ ఎక్కువున్న పొర కింద గ్యాసు పీడనం పోగవడం, పైకప్పు తెగి మట్టీ ఐస్ దూరంగా ఎగిరిపడడం. కొన్నేళ్లలో గొయ్యి నీటితో నిండి మామూలు చెరువులా అయిపోతుంది. ఆ గ్యాసు ఎక్కడిదన్నదే చిక్కు. లోతుల్లోని క్షేత్రం నుంచి పగుళ్లగుండా ఎక్కినదై ఉండొచ్చు, పాత హైడ్రేట్ విడిపోయి వచ్చినదై ఉండొచ్చు, రెండూ కలిసీ ఉండొచ్చు. ప్రతి గోతికీ ఒకే జవాబు వెతకడం సరికాదు.

మొత్తం ఎంత ఉంది?

పెద్ద అంకెలు విని మురిసిపోవద్దు. ప్రపంచంలోని హైడ్రేట్లలో పెర్మాఫ్రాస్ట్ వాటా ఒకటి రెండు శాతమే, మిగతాదంతా సముద్రాల అడుగున. కానీ ఆ కొద్దిదీ మంచి ఇసుకపొరల్లో, ఇప్పటికే రోడ్లు, గొట్టాలు ఉన్న చమురు క్షేత్రాల పక్కనే ఉంది. అలాస్కా నార్త్ స్లోప్‌లో సాంకేతికంగా తీయగలిగినది సుమారు 54 లక్షల కోట్ల ఘనపుటడుగులని అమెరికా భూగర్భ సర్వే అంచనా. 2008లో అదే సంస్థ చెప్పింది 85 లక్షల కోట్లు. సాంకేతికంగా తీయగలగడం వేరు, లాభానికి తీయడం వేరు. పక్కనే మామూలు గ్యాసు ఉండగా హైడ్రేట్ జోలికి వెళ్లే కంపెనీ ఉండదు.

భూమి వేడెక్కితే ఈ మీథేన్ అంతా ఒక్కసారిగా బయటపడుతుందా?

మీథేన్‌ను తేలిగ్గా తీసుకునే పనిలేదు: వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 30 రెట్లు, ఇరవయ్యేళ్ల లెక్కలో 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. కానీ ఒక్కసారిగా అన్నదానికి భౌతికశాస్త్రం ఒప్పుకోదు. నేలలో వేడి నత్తనడకన దిగుతుంది. పైన పడిన మార్పు 200 మీటర్ల లోతుకు చేరడానికి వెయ్యేళ్ల పైమాటే. దారిలో ఐస్ కరగడానికి పట్టే వేడి కలిపితే ఇంకా ఎక్కువ. ఉత్పత్తికి అడ్డుపడే వేడి కొరతే ఇక్కడ మనకు రక్షణ. విడిపోయిన గ్యాసు కూడా అంతా పైకి రాదు. కొంత పొరల్లో చిక్కుతుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి.

మినహాయింపు తూర్పు సైబీరియా తీరం వెంట సముద్రం కింద మునిగిన పెర్మాఫ్రాస్ట్. హిమయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా తక్కువ. అప్పుడది బయటి నేల. మునిగాక దాని పైభాగం పదికి పైగా డిగ్రీలు వేడెక్కింది, అదీ వేల ఏళ్ల నుంచి. అక్కడ నీటిలో మీథేన్ ఎక్కువగా కనిపిస్తోంది. అందులో హైడ్రేట్‌ది ఎంత, కుళ్లిన మట్టిది ఎంత, లోతైన గ్యాసుది ఎంత అని విడదీయడంపైనే వాదనంతా.

ఈ శతాబ్దానికి అసలు భయపడాల్సింది పైపొర గురించి. పెర్మాఫ్రాస్ట్ మట్టిలో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ చెట్లూ నాచుల అవశేషాలుగా ఉంది, గాలిలో ఉన్నదానికి దాదాపు రెండింతలు. అది వేసవి వేడికి అందేంత పైనే ఉంది.

హైడ్రేట్ కట్టడాన్ని అధిక పీడన పరికరాలు లేకుండా చూపించొచ్చా?

చూపించొచ్చు, మీథేన్‌తో కాదు, టెట్రాహైడ్రోఫ్యూరాన్‌తో. బరువులో 19 వంతుల ఆ ద్రవం, 81 వంతుల శుద్ధ నీరు కలిపి గాజు గొట్టంలో 1, 2 డిగ్రీలకు చల్లబరచండి. సున్నాకు పైనే, మామూలు గాలి పీడనంలోనే స్ఫటికాలు కడతాయి, 4.4 డిగ్రీల దగ్గర కరుగుతాయి. కట్టడానికి మొండికేస్తే చిన్న ఐస్ ముక్క తగిలించండి. పాళ్లు తప్పితే అదనంగా మిగిలిన నీరు సున్నా దగ్గర వేరే ఐస్‌గా గడ్డకట్టి, కరిగే ఉష్ణోగ్రత గజిబిజిగా కనిపిస్తుంది. ఆ ద్రవం తేలిగ్గా అంటుకుంటుంది. పాత సీసాలో పేలుడు స్వభావమున్న పెరాక్సైడ్లు పేరుకుని ఉంటాయి. ఫ్యూమ్ హుడ్ కింద, తెరిచిన తేదీ రాసి ఉన్న కొత్త సీసాతోనే చేయాలి.